ఊళ్లో ఉన్న ఒకే కౌన్సిలర్ హెడ్మాస్టరు గారి కోడలైతే: చిన్న ఊళ్లో బైపోలార్‌కి థెరపిస్టుని వెతుక్కోవడం

ప్రశ్న: నంద్యాల జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉంటాను. వయసు 28. ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. నాకు బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే జబ్బు) అని కర్నూలులో డాక్టరు గారు చెప్పారు. దానికి లిథియం మాత్రలు వాడుతున్నాను. మందులతో పాటు థెరపీ కూడా ఉంటే మంచిదన్నారు గానీ ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కౌన్సిలర్ మా హెడ్మాస్టరు గారి కోడలు. ఆన్‌లైన్‌లో ఒకాయన్ని పట్టుకుంటే "ఇది ఉత్త ఓవర్ థింకింగ్, మందులు మెల్లగా మానేద్దాం" అన్నారు. అమ్మేమో ఎవరికీ చెప్పొద్దు, పెళ్లి కావాల్సిన పిల్లవి అంటుంది. ఏం చెయ్యమంటారు మేడమ్?

జవాబు:

ముందు రెండు విషయాలు సూటిగా చెప్పేస్తానమ్మా. ఆ ఆన్‌లైన్ ఆయనతో మళ్లీ మాట్లాడకండి. హెడ్మాస్టరు గారి కోడలి దగ్గరికీ వెళ్లకండి, ఆవిడ ఎంత మంచివారైనా సరే. ఎందుకో, మరి ఎవరి దగ్గరికి వెళ్లాలో కాస్త వివరంగా రాస్తాను.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. పల్లెల నుంచి, మండల కేంద్రాల నుంచి వచ్చే కుటుంబాలతోనే నా పని ఎక్కువ. మందు మార్చాలా, డోసు ఎంత అనేవి నేను చెప్పేవి కావు, మీ డాక్టరు గారివి. మిగతాదంతా నాకు బాగా తెలిసిన సంగతే.

థెరపిస్టు అనగానే అన్నీ చూసుకునే ఒకే మనిషి కోసం వెతుకుతాం. పెద్ద నగరంలో అది కుదిరితే కుదరొచ్చు. మండల కేంద్రంలో అలా వెతికితే దొరికేది హెడ్మాస్టరు గారి కోడలే. అందుకని పనిని విడగొట్టండి. మందులు చూసే డాక్టరు ఒక చోట ఉంటారు. మాట్లాడే మనిషి ఇంకో చోట ఉంటారు. మీలో తేడా వస్తే అందరికన్నా ముందు పసిగట్టే మనిషి మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉంటారు. మొదటి ఇద్దరూ మీ ఊళ్లో లేకపోవడమే మేలు. మూడో మనిషి మాత్రం ఊళ్లోనే ఉండాలి. మీ అమ్మగారు ఒప్పుకోనిది ఇదే, బైపోలార్‌లో తప్పించుకోలేనిదీ ఇదే. దాని గురించి తర్వాత వస్తాను.

ముందు ఆ కోడలి గారి సంగతి. చిన్న ఊళ్లో థెరపిస్టు ఎవరో ఒకరికి చుట్టమో, స్నేహితురాలో అవుతారు, అది తప్పదు. మీరు వెళ్లే గుడికే ఆవిడా వస్తారు, మీరు తినే పెళ్లి భోజనాల్లో పక్క వరసలో కూర్చుంటారు. అంతమాత్రాన పనికిరారని నేననను. కానీ ముఖపరిచయం వేరు, మీ ఉద్యోగం మీద అధికారం ఉన్న ఇంటివాళ్లు కావడం వేరు. మీ సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఆవిడ మామగారు. ఆవిడ నోరు విప్పకపోవచ్చు. అయినా హెడ్మాస్టరు గారు ఎప్పుడు కాస్త తేడాగా మాట్లాడినా "ఈయనకి తెలిసిపోయిందా" అని మీ మనసు పీకుతుంది. పైగా మీ టెన్షన్లలో సగం స్కూలువే అయి ఉంటాయి. ఆ సగం ఆవిడ ముందు చెప్పలేరు. స్కూలు సంగతి దాచిపెట్టి థెరపీ చేయించుకోవడం డబ్బు దండగ.

అదే ఆవిడ మీ పిన్నిగారి పాత క్లాస్‌మేట్ అయ్యుంటే, ఒకసారి వెళ్లి చూడండనేదాన్ని. అలాంటి చోట మంచి థెరపిస్టు మొదటి రోజే తనంతట తాను ఆ మాట ఎత్తుతారు: "మనం బజార్లో ఎదురుపడితే నేను ముందు పలకరించను, మీరు పలకరిస్తే పలుకుతాను, మీ పిన్నిగారు అడిగితే మీరు వచ్చినట్టు కూడా చెప్పను" అని. ఆ మాట ఎత్తకుండా "అయ్యో, మీరు ఫలానావాళ్ల అమ్మాయి కదూ" అని ఆప్యాయత కురిపించేవాళ్లతో జాగ్రత్త. అదే చర్చి, అదే మసీదు, అదే కులసంఘం అయినా నేను ఇదే కొలత పెడతాను.

ఇక ఆన్‌లైన్ ఆయన. బైపోలార్‌కి మందే పునాది. థెరపీ మందు పక్కన నడుస్తుంది, మందు స్థానంలోకి రాదు. ఆ సంగతి తెలియని మనిషి బైపోలార్‌కి థెరపిస్టు కాలేరు. మన దగ్గర "సైకాలజిస్ట్, హిప్నోథెరపిస్ట్, పర్సనాలిటీ ట్రైనర్" అని ఒకే బోర్డు మీద రాసుకునేవాళ్లు చాలామంది. కొన్ని వారాల డిప్లొమాతో కూడా కౌన్సిలర్ అని పెట్టుకోవచ్చు, అడిగే నాథుడు ఉండడు. కాబట్టి అడగాల్సింది మీరే.

ఎవరెవరో ఒకసారి చెబుతాను. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ గానీ, డీఎన్‌బీ గానీ, డీపీఎం గానీ చేసిన డాక్టరు. మందు రాసేది వీళ్లే. మన వైపు "నరాల డాక్టరు" అని గౌరవంగా పిలుచుకునేదీ చాలాసార్లు వీళ్లనే. కొందరైతే పేరుకి భయపడి నిజంగానే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి నెలలు పోగొట్టుకుంటారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందు రాయరు, థెరపీ చేస్తారు. సాధారణంగా రెండేళ్ల ఎంఫిల్ చేసి, 1992 చట్టం కింద నడిచే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉంటారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు. ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు కూడా. నాలాంటి సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఎక్కువగా ఆసుపత్రుల్లో ఉంటాం, కుటుంబంతో కలిపి చేసే పని మాది. కౌన్సిలర్ అన్న మాటకి మాత్రం కట్టుబాటు తక్కువ. మంచివాళ్లు లేరని కాదు, చదువుల ఒత్తిడి, భార్యాభర్తల గొడవల్లాంటి వాటికి పనికొచ్చేవాళ్లు ఉన్నారు. బైపోలార్‌కి మాత్రం క్లినికల్ శిక్షణ ఉన్నవాళ్లే కావాలి.

ఎక్కడ వెతకాలంటే, మీరు ఇప్పటికే వెళ్తున్న చోటే మొదలుపెట్టండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. మీ డాక్టరు ప్రైవేటు వారైనా, అక్కడికి వెళ్లి క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా, ఏ రోజుల్లో చూస్తారు అని ఓపీలో అడగొచ్చు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది కాబట్టి అక్కడి ఆసుపత్రిలోనూ ఇదే అడగండి, మీకు దగ్గర. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని 1996 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటుంది. దాని కింద జిల్లాకి ఒక బృందం ఉండాలి: సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్. పోస్టులు ఖాళీగా ఉండటం మామూలే, అందుకని కాగితం మీద ఉన్నదాన్ని నమ్మి బస్సెక్కకండి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. బృందం ఉన్నచోట కొన్ని రోజులు ఏరియా ఆసుపత్రులకి కూడా వస్తారు, మందులు ఉచితం.

ఓపీలో మీ ఊరి మనిషి ఎవరైనా కనబడితే అన్న భయం ఉంటుంది. కనబడతారు కూడా. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 0.5 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వస్తుంది. అంటే వెయ్యి మందికి ఐదుగురు. మీ మండలంలో మీరొక్కరే అయ్యే అవకాశం లేదు. అదే సర్వేలో బైపోలార్ ఉన్నవాళ్లలో 70 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ వరసలో మీకు కనబడే మనిషి మిగతా 30 శాతంలోని మనిషి, తన సంగతి బయటపడకూడదని మీకన్నా ఎక్కువ కోరుకునే మనిషి. ఒకరినొకరు చూసీ చూడనట్టు వెళ్లిపోవడం ఆ ఓపీల్లో ఎప్పుడూ ఉన్న మర్యాదే.

మాట్లాడే మనిషి మాత్రం వీడియోలో దొరికితేనే మీకు నయం. హైదరాబాదులోనో, విజయవాడలోనో, బెంగళూరులోనో ఉన్న తెలుగు క్లినికల్ సైకాలజిస్టుకి మీ హెడ్మాస్టరు ఎవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. భాష విషయంలో రాజీ పడకండి. ఇంగ్లీషు పాఠం చెప్పగలిగిన టీచరమ్మ కూడా కోపం, సిగ్గు, ఏడుపు దగ్గరికొచ్చేసరికి తెలుగులోకే వస్తుంది. వీలైతే ఒక్కసారి బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్లి పూర్తి పరీక్ష చేయించుకోవడం కూడా మంచిదే. సీమ జిల్లాల నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, తెలుగు వచ్చినవాళ్లూ దొరుకుతారు. చిత్తూరు, నెల్లూరు వైపువాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. ఉత్తరాంధ్రవాళ్లకి విశాఖ మానసిక వైద్యశాల, తెలంగాణవాళ్లకి ఎర్రగడ్డ ఉన్నాయి. ప్రతి నెలా అంత దూరం తిరగక్కర్లేదు, నిర్ధారణ గట్టిపడ్డాక ఫాలోఅప్ దగ్గర్లోనే పెట్టుకోవచ్చు.

14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అది టెలిమానస్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సర్వీసు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట కౌన్సిలర్ ఎత్తుతారు, అవసరమైతే పైన ఉన్న నిపుణులకి కలుపుతారు. వారం వారం జరిగే థెరపీకి అది బదులు కాదు. మీ జిల్లాలో ఎవరున్నారో అడగడానికీ, అర్ధరాత్రి గుండె దడదడలాడుతుంటే మాట్లాడటానికీ బాగా పనికొస్తుంది. చచ్చిపోవాలనిపించే ఆలోచన గట్టిగా వస్తే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకండి. ఇంట్లో ఒకరిని లేపి దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, బండి లేకపోతే 108.

సరే, ఒకరు దొరికారనుకుందాం. మొదటి ఫోన్‌లోనే అడగాల్సినవి ఉన్నాయి. "బైపోలార్ ఉన్నవాళ్లతో పనిచేశారా, ఇప్పుడూ చేస్తున్నారా?" అని అడగండి. డిప్రెషన్‌కి చేశాను, ఇదీ అలాంటిదే అంటే వద్దు. ఒట్టి డిప్రెషన్ అనుకుని డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే బైపోలార్ ఉన్నవాళ్లు కొందరు మేనియాలోకి, అంటే అదుపు తప్పిన హుషారులోకి, వెళ్తారు. ఈ తేడా థెరపిస్టుకీ తెలిసి ఉండాలి. "నేను మెల్లగా హై అవుతున్నానని మీకనిపిస్తే ఏం చేస్తారు?" అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మంచి జవాబులో మీ నిద్ర గురించి ఉంటుంది, మీ డాక్టరుతో మాట్లాడటం ఉంటుంది, మీరు పేరిచ్చిన ఇంటి మనిషికి ఫోన్ చేయడం ఉంటుంది. "పాజిటివ్‌గా ఆలోచించేలా చేస్తాను" అంటే మర్యాదగా ఫోన్ పెట్టేయండి. నోట్సు ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, మీ ప్రాంతంలో వారికి చుట్టాలెవరైనా ఉన్నారా, ఇవీ అడగండి. ఫీజు ముందే మాట్లాడుకోండి. మొదట్లో వారానికోసారి, కుదుటపడ్డాక పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి సరిపోవచ్చు. మీ జీతానికి భారమైతే దాచకుండా చెప్పండి, కొందరు తగ్గిస్తారు.

రెండు మూడు సెషన్ల తర్వాత నచ్చకపోతే మారడం తప్పు కాదు. కానీ ప్రతి సెషన్‌కీ మనసు హాయిగా ఉండాలని మాత్రం అనుకోకండి. మందు వేసుకున్నారా, ఎన్నింటికి పడుకున్నారు, ఈ నెల ఎంత ఖర్చుపెట్టారు అని విసుగు పుట్టేలా అడిగేవాళ్లే ఈ జబ్బులో మంచి థెరపిస్టులు.

ఎందుకంటే బైపోలార్ థెరపీలో చిన్నప్పటి సంగతులు తవ్వడం తక్కువ, జబ్బుని నేర్చుకోవడం ఎక్కువ. బార్సిలోనాలో ఫ్రాన్సెస్క్ కొలోమ్, ఎడ్వార్డ్ వియెటా బృందం మందులు వాడుతూ నిలకడగా ఉన్న 120 మందితో చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. సగం మందికి 21 సెషన్లలో జబ్బు గురించి, మందుల గురించి, తొలి సంకేతాల గురించి, నిద్ర గురించి పాఠంలా చెప్పారు. మిగతా సగం ఊరికే గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నారు. పాఠం విన్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం తగ్గింది. అమెరికాలో డేవిడ్ మిక్లోవిట్జ్ కుటుంబంతో కలిపి చేసే పద్ధతిని, ఎలెన్ ఫ్రాంక్ రోజువారీ లయని కాపాడుకునే పద్ధతిని తీర్చిదిద్దారు. మీ థెరపిస్టు ఏ పేరుతో చేసినా పని ఇంచుమించు ఇవే: రోజూ మూడ్ చార్టు రాయడం, మీకు మేనియా ఎలా మొదలవుతుందో మీ గత ఎపిసోడ్ల (జబ్బు ముదిరిన సందర్భాల) నుంచి పట్టుకోవడం, రోజూ ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేవడం, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడటం, ఎపిసోడ్ అయ్యాక చెడిన సంబంధాలు, చేసిన అప్పులు సర్దుకోవడం.

ఆ నిద్ర సంగతి దగ్గర మన ఊళ్ల గురించి తెలిసిన థెరపిస్టు ఉండటం ఎంత మేలో నాకు తెలుసు. ఒక్క రాత్రి నిద్ర పూర్తిగా పోతే చాలు, కొందరికి మేనియా అంటుకుంటుంది. మీకు శ్రీశైలం దగ్గర, శివరాత్రి జాగారం ఇంటి ఆచారమై ఉండొచ్చు. జాతరలు, అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లలో తెల్లవారుజాము ముహూర్తాలు, ఇంటికొచ్చిన చుట్టాలతో తెల్లారేదాకా కబుర్లు. మగవాళ్లకైతే అయ్యప్ప దీక్షలో చీకటితో లేవడం, ముస్లిం కుటుంబాల్లో రంజాన్ సహర్. టీచర్లకి వీటన్నిటికీ మించింది ఎన్నికల డ్యూటీ: ముందు రోజే సామగ్రి తీసుకోవడం, పోలింగ్ బూత్‌లోనే పడుకోవడం, అర్ధరాత్రి దాకా పెట్టెలు అప్పజెప్పడం. ఆరోగ్య కారణాలతో మినహాయింపు అడగడానికి డాక్టరు ఉత్తరం ముందే రాయించి ఉంచుకోండి. జబ్బు పేరు విడమర్చకుండా అవసరమైనంతే రాయమని మీరు కోరవచ్చు. జాగారానికీ, ఉపవాసానికీ థెరపిస్టుతో కలిసి ముందే ప్లాన్ వేసుకోండి. దేవుడి పని మానేయమనడం కాదు, పదింటికి దీపం పెట్టి పడుకోవడమెలా అన్నది మాట్లాడుకోవడం.

ఇప్పుడు గోప్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలు బయటపెట్టకుండా ఉంచడం వైద్యం చేసేవాళ్ల బాధ్యత. ప్రాణాపాయం, ఇతరులకి హాని, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చట్టం ఉండటం మంచిదే గానీ, చిన్న ఊళ్లో రహస్యం డాక్టరు నోటి నుంచి పోదు. మందుల షాపు కవరు మీద పేరుతో పోతుంది, ల్యాబు వాళ్లు మీ నాన్నగారి నంబరుకి వాట్సాప్ చేసిన రిపోర్టుతో పోతుంది, ఫోన్‌పే హిస్టరీలో పోతుంది. అందుకని మందులు ఊళ్లో కొనకండి, కర్నూలు వెళ్లినప్పుడు డాక్టరు రాసినన్ని రోజులకి తెచ్చుకోండి. రక్తపరీక్ష కూడా అదే రోజు అక్కడే ఇవ్వండి. రక్తంలో లిథియం ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకి ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి. అంటే రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే, పొద్దున మాత్ర వేసుకోకుండా తొమ్మిదింటికి ల్యాబులో ఉండాలి. ల్యాబులో మీ సొంత నంబరే ఇవ్వండి. మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు పెడితే అది మీ ఆఫీసు బల్లలన్నీ దాటుకుంటూ వెళ్తుందని గుర్తుంచుకుని, పెట్టాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

వీడియో సెషన్‌కి గది దొరకడం పెద్ద సమస్య. మన ఇళ్లలో తలుపు వేసుకుంటేనే అనుమానం. మిద్దె మీద సాయంత్రం నడుస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లు, స్కూలు వదిలాక ఖాళీ క్లాసులో కూర్చునేవాళ్లు, ఊరి బయట స్కూటీ ఆపి చెట్టు కింద మాట్లాడేవాళ్లు నాకు తెలుసు. వీడియో లేకుండా ఆడియోతో చేసినా ఫరవాలేదు, కాకపోతే అప్పుడప్పుడూ ముఖం చూపించండి. మాట వేగం పెరిగిందని చెవికి తెలుస్తుంది గానీ కళ్ల కింద నలుపు తెలియదు. ఎవరైనా అడిగితే ఆన్‌లైన్ ట్రైనింగ్ అనండి. టీచర్లకి ట్రైనింగులు ఎప్పుడూ ఉండేవే, ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

ఇంత గోప్యత చెప్పి, ఇప్పుడు దానికి అడ్డంగా ఒక మాట చెబుతాను. ఊళ్లో కనీసం ఒక్కరికి పూర్తిగా, ఇంకొకరికి కొంతైనా తెలియాలి. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు మీకు బాగోలేదని మీకే తెలుస్తుంది. మేనియాలో తెలియదు. నాలుగు రోజులుగా మూడు గంటలే పడుకుని కూడా "ఇంత హుషారుగా ఎప్పుడూ లేను, ఇక మందులెందుకు" అనిపిస్తుంది. థెరపిస్టుకి ఫోన్ చేయడం మానేసేది కూడా సరిగ్గా అప్పుడే. మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న థెరపిస్టుకి మీరు సెషన్‌కి రాలేదని తప్ప ఇంకేం తెలుస్తుంది? అందుకే బాగున్నప్పుడే రాసిచ్చెయ్యండి: వరసగా రెండు సెషన్లు తప్పితే, లేదా ఫలానా సంకేతాలు కనిపిస్తే, ఫలానా మనిషికి ఫోన్ చేయండి అని. ఆ మనిషికి థెరపిస్టు నంబరు, డాక్టరు నంబరు ఇవ్వండి. అదే 2017 చట్టం 14వ సెక్షన్ కింద మీ తరఫున మాట్లాడే ప్రతినిధిని మీరే రాతపూర్వకంగా పెట్టుకోవచ్చు. జబ్బు ముదిరితే మీకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవడానికి 5వ సెక్షన్ ఉంది. ఊరందరికీ తెలియడం కాదు, ఎవరికి తెలియాలో మీరు ఎంచుకోవడం.

ఎవరిని ఎంచుకోవాలి? అమ్మే అవ్వాలని లేదు. భయపడి దాచేవాళ్లు, అరిచేవాళ్లు ఈ పనికి పనికిరారు. "అక్కా, నువ్వు రాత్రి పడుకోలేదు, పద ఫోన్ చేద్దాం" అని మెల్లగా అనగలిగే తమ్ముడో, మీరు కోప్పడినా నొచ్చుకోని వదినో, పక్కింటి స్నేహితురాలో మేలు. వాళ్లని ఒక సెషన్‌కి తీసుకురండి. మీ మాట మీద కన్నా థెరపిస్టు మాట మీద వాళ్లకి గురి కుదురుతుంది, మీకూ చెప్పే బరువు తగ్గుతుంది.

రెండో మనిషి, మీ ఊళ్లో జ్వరానికి చూపించుకునే డాక్టరు. ఆయనకి బైపోలార్ అని చెప్పకపోయినా లిథియం వాడుతున్నానని చెప్పి తీరాలి. రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండేలా చూస్తారు. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం తక్కువ. ఒళ్లు నొప్పులని ఊరి ఆర్‌ఎంపీ పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ గానీ, ఐబూప్రొఫెన్ మాత్రలు గానీ ఆ లెవెల్‌ని పెంచేస్తాయి. బీపీకి ఇచ్చే కొన్ని మందులూ అంతే. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ మేలు. సీమ ఎండల్లో చెమట పట్టి నీళ్లు తగ్గినా, వాంతులు విరేచనాలు అయినా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా లెవెల్ పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, వాంతులు ఆగకపోవడం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇది మీ ఇంటి మనిషికీ చెప్పి ఉంచండి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి మామూలుగా చేయిస్తారు, మీ డాక్టరు రాయకపోతే మీరే గుర్తుచేయండి.

అమ్మగారి భయం ఊరికే వచ్చింది కాదు, దాన్ని కొట్టిపారేయను. సంబంధాలు చూసేవాళ్లు ఎలా ఆరాతీస్తారో నాకూ తెలుసు. కానీ దాచి పెళ్లి చేస్తే పరిస్థితి ఇంకా ఇరుకు. కొత్త ఇంట్లో మాత్రలు దొంగచాటుగా వేసుకోవాలి, నిద్ర మీ చేతిలో ఉండదు, కొందరు భయంతో మందే మానేస్తారు. పెళ్లైన కొన్నాళ్లకే ఎపిసోడ్ వచ్చి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఇలా మానేసినవాళ్లని చాలామందిని చూశాను. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ముఖ్యమైన విషయం దాచి పెళ్లి చేశారని కోర్టుకి వెళ్లే వీలు కూడా అవతలివాళ్లకి ఉంది. చూపుల రోజే చెప్పమనడం లేదు. మాటలు ఒక కొలిక్కి వస్తున్నప్పుడు అబ్బాయికి మీరే నేరుగా చెప్పాలన్నది నా అభిప్రాయం. ఎప్పుడు, ఎలా, ఏ మాటల్లో అన్నది థెరపిస్టుతో కూర్చుని ముందే అనుకోవచ్చు, అదీ థెరపీలో భాగమే. కావాలంటే అబ్బాయిని ఒకసారి మీ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లవచ్చు. గర్భం గురించి ఆలోచన ఉంటే నెలలు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. లిథియం విషయంలో జాగ్రత్తలు ఉన్నాయి. ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ అయితే కడుపులో బిడ్డకి హాని ఎక్కువ కాబట్టి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వరు. ఎవరైనా మందు మారుస్తూ ఆ పేరు రాస్తే, పెళ్లి కావాల్సి ఉందని గట్టిగా చెప్పండి.

ఈసారి కర్నూలు వెళ్లినప్పుడు డాక్టరు గారిని ఒక పేజీ రిఫరల్ ఉత్తరం అడగండి. నిర్ధారణ ఏమిటి, ఎపిసోడ్లు ఎప్పుడెప్పుడు వచ్చాయి, ఏ మందు ఎంత డోసు, ఆఖరి లిథియం లెవెల్ ఎంత, ఆత్మహత్య ప్రయత్నాలు ఏమైనా ఉన్నాయా అన్నవి అందులో ఉండాలి. దాని ఫోటో మొదటి సెషన్‌కి ముందే థెరపిస్టుకి పంపండి, డాక్టరు నంబరు కూడా ఇచ్చి ఇద్దరూ మాట్లాడుకోవడానికి మీ అనుమతి ఉందని రాయండి. ఆ ఉత్తరం చదవకుండానే మొదటి సెషన్ మొదలుపెట్టే థెరపిస్టైతే, ఇంకొకరిని చూసుకోండి.